నిలకడ మీద

ఈ ఏప్రిల్లో ఇది మూడో కాట్రిడ్జి.
మూడు నెలలు రావలసింది
తొమ్మిది రోజులకే గొంతు పూడిపోయింది.
గేజి ముల్లు యాభై నుంచి జారీ జారీ
పద్దెనిమిది దగ్గర కూలబడింది.
పైన షవర్లో ఫ్లోరిన్, తల నిండా నురగతో,
"అమ్మా!" అని ఒక్క కేక.

బేస్‌మెంటులో మోకాళ్ళ మీద నేను.
వాల్వు కట్టేసి, నీలం గిన్నెకి పానా తగిలించి
ఉన్న బలమంతా పెట్టి తిప్పితే
నా భుజం కదిలింది, గిన్నె కదల్లేదు.
నెత్తిమీది ఎర్ర బొత్తాం నొక్కి
లోపలి ఒత్తిడి వదిలిస్తే గాని
అది ఎవరి మాటా వినదు.
పదకొండేళ్ళుగా తెలుసు. ప్రతిసారీ మర్చిపోతాను.
ఉస్సుమంది. చేతికొచ్చింది.

తెల్లగా కొన్న కాట్రిడ్జి
నానిన ఇటుకలా బయటికొచ్చింది.
తుప్పయితే జిగురుగా ఉండాలి,
ఇది వేళ్ళ మధ్య గరగరలాడింది.
ప్రెషర్ ట్యాంకుని వేలి కణుపుతో తట్టాను:
కింద దిమ్ముగా, పైన గుల్లగా,
దానికే రోగమూ లేదు.

కొట్లో ముసలి టెలెస్ఫోర్ కళ్ళజోడు పైకి తోసి అన్నాడు:
"నాలుగోది అమ్మమంటే అమ్ముతాను, నాకేం పోయింది?
ముందు సీసాలో నీళ్ళు పట్టు,
ఫిల్టరుకి ఇవతలి కుళాయి నుంచి.
రాత్రంతా కదపకు."

ఊరగాయ సీసా కడిగి పట్టాను.
కిటికీ అవతల సముద్రం, కావలసినంత,
గుక్కెడు తాగడానికి పనికిరాకుండా.

పొద్దున్నకి నీళ్ళు తేరుకున్నాయి.
అడుగున వేలెడు మట్టి.
మట్టి మీద స్ప్రూస్ ఆకొకటి,
సూదిలా, ఇంకా పచ్చగా.

నూట ఎనభై అడుగుల రాతి కింద
ఏ చెట్టు ఆకు రాలుస్తుంది?

బావి మా ఇంటికీ తమ్ముడి ఇంటికీ మధ్య గట్టు మీద ఉంది.
బోరు ఒకటే, గొట్టాలు రెండు.
లాబ్‌స్టర్ బుట్టల లెక్క దగ్గర మాట తెగి
నాలుగు నెలలు. నీళ్ళు మాత్రం కలిసే తోడుకుంటున్నాం.

మంచు కరిగి గొట్టం చుట్టూ మడుగు కట్టింది.
మూత మీద బోర్లించిన రంగు డబ్బా, దాని మీద ఇటుక.
డబ్బా అంచున ఆకుపచ్చ చారలు,
ఎలొయ్ పడవ రంగు.
ఇటుక దించి డబ్బా తీస్తే
అడ్డంగా పగిలిన మూత.

నేను నోరు తెరవకముందే వచ్చాడు,
గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకుంటూ.
"మంచు తోస్తుంటే బ్లేడు తగిలింది."
"ఎప్పుడు?"
"జనవరిలో."
"చెప్పొచ్చుగా!"
"మనం మాట్లాడుకోవట్లేదుగా."
"మరి నీ ఇంట్లో?"
బూటుతో బురద గీకాడు.
"డబ్బా నీళ్ళు కొంటున్నా."

నవ్వొచ్చింది. నవ్వలేదు.

బ్లీచు పోశాం. కొత్త మూత వాడు పట్టుకున్నాడు,
రబ్బరు వాషరు ముడత పడకుండా
ఎదురెదురు బోల్టులు నేను బిగించాను.
"ఇంకో అర చుట్టు" అన్నాడు.
"చాలు" అన్నాను.
ఇంకో అర చుట్టు బిగించాను.

ఇంటికొచ్చి ఖాళీ గిన్నె ఎక్కిస్తే బొట్టు కారింది.
మళ్ళీ ఎర్ర బొత్తాం, మళ్ళీ పానా.
ఓ-రింగు కింద ఒకే ఒక్క ఇసుక రేణువు,
ఆవగింజలో సగం కూడా లేదు.
తుడిచి, గ్రీజు రాసి, చేతి బిగువుకి వదిలేశాను.

రాత్రి తొమ్మిదింటికి ఫోను.
"నీకు బ్లీచు వాసన వచ్చిందా?"
"ఇంకా లేదు."
"వంటింటి కుళాయి తెరిచే ఉంచు."
"తెరిచే ఉంది."
ఇద్దరం పెట్టెయ్యలేదు.
రెండు ఇళ్ళలో పారే ఒకే నీటి చప్పుడు
ఫోను అటూ ఇటూ వింటూ ఉన్నాం.

నాలుగో కాట్రిడ్జి బల్ల మీద,
కవరు విప్పకుండా,
తేదీ ఇంకా రాయకుండా.